చేతులు వెనక్కి

డ్రిల్లు టీచరుగారు పోయారు.

పొద్దున్నే కొట్టు తెరిచి దేవుడి పటానికి అగరొత్తి వెలిగిస్తుంటే, టీచరుగారి దగ్గర మాతోపాటు నేర్చుకున్న మంగాదేవి ఫోను చేసింది. ఐ.పోలవరం నుంచి ఆ అమ్మాయి ఫోను చేసిందంటే ముందు రొయ్యల సంగతి, తరవాత వాళ్ళాయన చేపల వేట సంగతి, చివరికి అసలు సంగతి వస్తుంది. ఆ రోజు ముందువి రెండూ లేవు. "బాబాయిగారూ, టీచరుగారు వెళ్ళిపోయేరండి" అని ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. నేను నోరు మూసుకుని ఉండడమంటే మా ఊళ్ళో వింత. ఆ విద్య నాకు నేర్పింది కూడా టీచరుగారే. అగరొత్తి కాలుతూ వచ్చి వేలికి చురుక్కుమనేదాకా అలాగే నిలబడిపోయాను.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. అమలాపురం చుట్టుపక్కల హైస్కూళ్ళలో ఆడపిల్లలకి డ్రిల్లు చెప్పిన మనిషి. పొట్టిగా ఉండేవారు. నేతచీర, కాళ్ళకి తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్లతాడుకి ఈల. పెళ్ళి చేసుకోలేదు. ఉద్యోగం ఇంకా కొన్నేళ్ళు ఉండగానే మానేసి మద్రాసు వెళ్ళారు. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లలకి యోగాతో ఎలా సాయపడాలో అక్కడ నేర్చుకుని వచ్చారు. ఆ వయసులో మళ్ళీ చదువేమిటని ఎవరైనా అడిగితే నవ్వేసేవారు. నాకు మాత్రం చాలాకాలానికి ఒకసారి చెప్పారు. ప్రతి బడిలోనూ డ్రిల్లు పీరియడులో ఒకరిద్దరు పిల్లలు గోడవార ఉండిపోతారు. కాలు సరిగా పడనివాళ్ళు, చెప్పింది చప్పున అందనివాళ్ళు. "వాళ్ళని అక్కడ నిలబెట్టింది నేనేనండి అన్నయ్యగారూ. పడిపోతారని భయం. ఎండ తగలకుండా నీడ చూసి మరీ నిలబెట్టేను. అదే పెద్ద దయనుకున్నాను." ఈలని కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆవిడ సంగతికి ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే కథ నడవదు. వాడపల్లి వెళ్ళే దారిలో నాకొక కిరాణా కొట్టు ఉంది. బళ్ళో చదివింది చాలా తక్కువ. నా చదువంతా పొట్లాలు కట్టే కాగితాల మీద. పాత పేపర్లూ, వారపత్రికలూ, పిల్లల పరీక్ష కాగితాలూ, ఏది తూకానికి వస్తే అది చదివేవాడిని. ఈ చదువులో ఒక్కటే లోపం. ఏ సంగతైనా సగమే తెలుస్తుంది. హత్య జరిగిందని తెలుస్తుంది, చేసిందెవరో కందిపప్పుతో పాటు ఎవరింటికో వెళ్ళిపోతుంది. యోగా గురించి కూడా నాకు అలాగే తెలుసు. ఒక కాగితంలో "ఆసనం వేయించేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది" అని ఉంది. ఆ కింద చిరిగిపోయింది. ఆ ముఖ్యమైనదేమిటో తెలియకుండానే చాలాకాలం గడిపేశాను. ఏమీ నష్టం కలగలేదు, రమ్య పుట్టేదాకా.

రమ్య మా మనవరాలు. మా అమ్మాయి పార్వతి కూతురు. అల్లుడు మస్కట్‌లో లారీ తోలేవాడు. తల్లీ పిల్లా మా దగ్గరే ఉండేవారు. పిల్ల పుట్టగానే ఏడవలేదు. మెడ నిలబడడానికీ, కూర్చోడానికీ చాలాకాలం పట్టింది. కుడివైపు బిగుసుకుపోయి ఉండేది. మాట లేదు, చిన్నచిన్న శబ్దాలు చేసేది. ఎవరు ముట్టుకున్నా ఒళ్ళంతా కొయ్యలా చేసుకుని ఏడ్చేది. కాకినాడ డాక్టరుగారు మందులు రాసి, ఓపిక పట్టాలన్నారు. ఓపికకి మా ఇంట్లో లోటు లేదు. మా ఆవిడ ఆ పిల్లని పువ్వులా చూసుకునేది. స్నానం, జడ, అన్నం అన్నీ తనే. ముద్ద చేసి నోట్లో పెట్టడం, మూతి తుడవడం, మళ్ళీ ముద్ద. బడికెళ్ళే వయసొచ్చినా అంతే. తను పోయాక దీని నోటికి ముద్ద ఎవరు అందిస్తారని మా ఆవిడ ఒకటే దిగులు పడేది. ఆ దిగులు పైకి అనేది కాదు. పిల్ల తింటున్నంతసేపూ మొహంలో కనిపించేది.

అప్పటికి తొంభై ఆరు తుఫాను వెళ్ళింది. కోనసీమలో కొబ్బరిచెట్లు పడిపోయాక, కొబ్బరి నిలవచేసే కొట్లు ఖాళీ అయ్యాయి. కొత్తపేట రోడ్డులో ఒక రైతుగారు తన కొట్టుని, మళ్ళీ తోట కాపుకొచ్చేదాకా వాడుకోమని టీచరుగారికి ఇచ్చారు. కొత్త మొక్కలు కాపుకొచ్చాయి. ఆయన అడగలేదు, ఆవిడ ఖాళీ చెయ్యలేదు. ఎండుకొబ్బరి వాసన మాత్రం ఆ గోడల్ని ఎప్పటికీ వదల్లేదు. అందులో తుంగచాపలు పరిచి వారానికి కొన్ని పూటలు తరగతి పెట్టారు. పార్వతి పిల్లని తీసుకెళ్దామంది. అందరం వెళ్ళాం.

మా ఆవిడ మొదటి ప్రశ్న అందరూ అడిగేదే, నయమవుతుందా అని. టీచరుగారు తల అడ్డంగా ఊపారు. "నయం చేస్తానని చెప్పనండి వదినగారూ. మందులు డాక్టరుగారివే. పిల్లకి తన ఒంటిని పరిచయం చేస్తాను, అంతే. అదీ నేనొక్కదాన్నీ చెయ్యలేను. వారానికి కొన్ని పూటలు నా దగ్గరుంటాది, మిగతాదంతా మీ దగ్గరే కదా. అందుకని ముందు మీరు నేర్చుకోవాలి." తరగతి పిల్లలకనుకుని వెళ్ళిన మాకు, తరగతి పెద్దలకని అప్పుడు తెలిసింది. పిల్లలకి నేర్పే మనుషుల్ని తయారుచెయ్యడమే ఆవిడ పని. తల్లులు, మేనత్తలు, ఒక అంగన్‌వాడీ టీచరు, అందరూ ఆడవాళ్ళే. నేను సైకిలు పట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాను.

"అన్నయ్యగారూ, మీరు బయటున్నారేంటండీ. వచ్చి పడుకోండి" అన్నారు.

నడుం వంగదని చెప్పాను. "మీ మనవరాలికీ వంగదండి. అందరికన్నా మీకే బాగా అర్థమవుద్ది."

అలా చేరాను. మొదటిరోజు పాఠం ఆసనాలు కావు. ఒకరు చాప మీద పడుకోవాలి, ఇంకొకరు ఏమీ చెప్పకుండా వాళ్ళ చేతులూ కాళ్ళూ ఎత్తాలి, వంచాలి, తిప్పాలి. నా వంతుకి మంగాదేవి వచ్చింది. వాళ్ళబ్బాయి నాని కోసం రెండు బస్సులు మారి వచ్చేది. పడవ లాగే ఇంటి పిల్ల, చేతిలో సత్తువుంది. నా కాలు పట్టుకుని ఒక్క ఎత్తు ఎత్తి, "కాలు కాదండీ ఇది, తెరచాప కొయ్య" అంది. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నా కాలు నన్ను అడక్కుండా ఎవరో ఎత్తడమేమిటి? మొహం చూసి టీచరుగారు దగ్గరికొచ్చి కూర్చున్నారు. కోపం వచ్చిందా అని అడిగారు. వచ్చిందన్నాను. "మీ రమ్యకి రోజూ వస్తాదండి. చెప్పుకోలేదు."



తరవాత మెల్లగా పాఠాలు సాగాయి. ముట్టుకునే ముందు చెప్పాలి. ముట్టుకున్నాక ఆగాలి. బిగుసుకున్న చెయ్యిని లాగకూడదు, దాని కింద మన అరచెయ్యి పెట్టి అది బరువు వదిలేదాకా ఉండాలి. శవాసనం దగ్గర మా ఆవిడ అడ్డం పడింది, పసిపిల్లచేత శవం ఆటలేమిటని. టీచరుగారు వాదించలేదు. "సరేనండి, రేవులో పడవ అందాం" అన్నారు. అప్పట్నించి అందరికీ అది రేవులో పడవే. తను చాప మీద వెల్లకిలా పడుకుని, పిల్లల అరచెయ్యి తన పొట్ట మీద పెట్టించుకునేవారు. ఊపిరి తీస్తే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. పిల్లలు కళ్ళార్పకుండా చూసేవారు. కాసేపటికి వాళ్ళ ఊపిరీ ఆవిడ ఊపిరితోపాటు నెమ్మదించేది. మెడలో ఈలని ఆ కొట్టులో ఆవిడ ఊదగా నేను వినలేదు. పిల్లలకిచ్చి ఊదించేవారు. ఊపిరి బలం రావడానికి అంతకన్నా మంచి మందు లేదనేవారు. రమ్య ఊదిన ఈలలోంచి మొదటిసారి పిట్టకూతంత చప్పుడు వచ్చిన రోజున పార్వతి మస్కట్‌కి ఫోను చేసింది.

మా గోదావరి మర్యాద గురించి మీకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన మనిషి మంచినీళ్ళ గ్లాసు తనంతట తను తీసుకుంటే మాకు తలకొట్టేసినట్టుంటుంది. వీలుంటే అతని బదులు మేమే నమిలిపెడతాం. ఈ మర్యాదే మన పిల్లలకి గుదిబండైందని టీచరుగారి మాట. పిల్ల బంతివైపు చూడగానే పది చేతులు బంతి అందిస్తాయి. ఇక పిల్ల చెయ్యికి పనేముంది? ఆవిడ ఏం చెప్పినా అందరం "ఆయ్" అనేవాళ్ళం, అని, మళ్ళీ బంతి అందించేవాళ్ళం. చివరికి ఆవిడ డ్రిల్లు గొంతు బయటికి తీశారు. చేతులు వెనక్కి. ఆ మాట వినగానే పెద్దవాళ్ళందరూ చేతులు వీపు వెనక కట్టుకుని కూర్చోవాలి. పిల్ల తనంతట తను ఏదో ఒకటి చేసేదాకా కదలకూడదు.

నేర్చుకున్నామో లేదో చూడడానికి ఎవరి పిల్లతో వాళ్ళని కాకుండా, మార్చి కూర్చోబెట్టేవారు. నాకు నాని వచ్చాడు. వాడు కూర్చునే రకం కాదు. గోడ పట్టుకుని తిరుగుతూ ఉంటాడు. మా మధ్య ఒక బంతి. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను గాని నోరు ఊరుకోదు కదా. బంతి చరిత్ర మొదలుపెట్టాను, అది రబ్బరు చెట్టు నుంచి ఎలా పుడుతుందో ఒక పొట్లంలో చదివింది గుర్తొచ్చి. టీచరుగారు వెనకనుంచి వచ్చి మెల్లగా అన్నారు.

"నోరు కూడా చెయ్యేనండి అన్నయ్యగారూ. దాన్నీ వెనక్కి పెట్టండి."

పెట్టాను. జన్మలో అంత కష్టపడలేదు. ఈగ వాలితే తోలుకోలేదు. నాని గోడ చుట్టూ తిరిగి తిరిగి, నా వైపు చూడకుండానే వచ్చి, కాలి బొటనవేలితో బంతిని నా వైపు నెట్టాడు. అవతల మూల నుంచి మంగాదేవి కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది. చిరిగిపోయిన ఆ కాగితం ముక్క మీద ఏముండి ఉంటుందో నాకు ఆ పూట తెలిసింది.

ఇక అసలు సంగతికి వస్తాను. రమ్యకి ఒక అలవాటుండేది. ఎడంచెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చునేది. కుడిచెయ్యి ఎలాగూ బిగుసుకుపోయింది, ఎడంచెయ్యి ఇలా. ఇదీ జబ్బులో భాగమే అనుకున్నాం. డాక్టరుకి చెప్పాలని కూడా తోచలేదు.

ఒకరోజు టీచరుగారు అందరినీ క్యారేజీలు తెచ్చుకోమన్నారు. మధ్యాహ్నం చాపల మీద కూర్చున్నాక, తువ్వాళ్ళతో ఒకరి కుడిచెయ్యి ఒకరు కట్టెయ్యమన్నారు. ఎడంచేత్తో తినాలి. ఒంట్లో సగం మాట విననప్పుడు అన్నం ఎంత దూరమవుతుందో తెలియాలని. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. మంగాదేవి, "మా అత్త చూస్తే ఊళ్ళోకి రానివ్వదండి" అంటూనే కట్టించుకుంది. మా ఆవిడ కట్టించుకోలేదు. అన్నాన్ని ఎడంచేత్తో ముట్టుకోవడం తన వల్ల కాదని చెప్పేసింది. టీచరుగారు బలవంతపెట్టలేదు. తన కుడిచెయ్యి కట్టించుకుని, పప్పన్నం ఎడంచేత్తో కలుపుకుని తినడం మొదలుపెట్టారు. ఒలకబోసుకుంటూ, మూతికి పూసుకుంటూ అందరం తింటున్నాం.

మా ఆవిడ పక్కన రమ్య కూర్చుని ఉంది. ముందు ఆకులో కలిపిన అన్నం. పిల్ల అందరి చేతులూ చూస్తోంది. టీచరుగారి చెయ్యి, నా చెయ్యి, వాళ్ళమ్మ చెయ్యి. అన్నీ ఎడంచేతులే. అలా చూసి చూసి, తొడకింద నుంచి తన ఎడంచెయ్యి బయటికి తీసింది. అన్నం మీద పెట్టింది.

మా ఆవిడ చెయ్యి అలవాటు కొద్దీ వెళ్ళింది. ఆ చిన్ని మణికట్టు మీద మెత్తగా తట్టి, "తప్పమ్మా" అంది. కోపంగా కాదు. ఆవిడకి ఆ పిల్ల మీద కోపం ఎన్నడూ లేదు. అలా ఎన్నిసార్లు, ఎంత ముద్దుగా తట్టి ఉంటుందో. రమ్య చెయ్యి చప్పున తొడకిందకి వెళ్ళిపోయింది.

ఆ చెయ్యిని దాచుకోమన్నది జబ్బు కాదు. తప్పు ఏదో, ఒప్పు ఏదో నేర్పే ఇల్లు. పిల్ల బుద్ధిగా నేర్చుకుంది. ఏమీ అర్థం కాదని మేం అనుకున్న పిల్ల, మేం చెప్పిన మొదటి మాటనే అంత గట్టిగా పట్టుకుని కూర్చుంది.

టీచరుగారు తినడం ఆపారు. గొంతు పెంచలేదు. "వదినగారూ, చేతులు" అన్నారు.

మా ఆవిడ టీచరుగారి వైపు చూసింది. పిల్ల వైపు చూసింది. చాలాసేపటికి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోడానికి చేతుల్లేవు. రమ్య చెయ్యి మళ్ళీ బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. వచ్చింది. అన్నం చెంపకి అంటింది, ముక్కుకి అంటింది, గౌను మీద పడింది. నాలుగు మెతుకులు నోట్లోకి వెళ్ళాయి. ఆ నాలుగు మెతుకుల్ని ఆ పిల్ల ఎంతసేపు నమిలిందని.

ఇంటికొచ్చాక మా ఆవిడ వంటింట్లో ఒక్కతే కూర్చుంది. నేను ఏదో సర్దిచెప్పబోయి, నోరు వెనక్కి పెట్టుకున్నాను. ఆ శనివారం పిల్లని ఎత్తుకుని వాడపల్లి వెంకన్న గుడికి వెళ్ళింది. తీర్థం కోసం పిల్ల ఎడంచెయ్యి చాపితే పూజారిగారు ఒక్క క్షణం ఆగారు. "దీనికి కుడి ఇటువైపుందండి" అంది మా ఆవిడ. ఆయన చూసి, తల ఊపి, ఉద్ధరిణెతో తీర్థం పోశారు. ఆ మాట ఆవిడ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. టీచరుగారికి చెబితే, "ఇంక ఈవిడకి నేను నేర్పేదేం లేదండి" అన్నారు.

తరవాతి ఏళ్ళలో మాలో కొందరం ఎవరి ఊళ్ళో వాళ్ళం చిన్న తరగతులు పెట్టుకున్నాం. మా కొట్టు వెనక వసారాలో నేనూ మా ఆవిడా, ఐ.పోలవరంలో మంగాదేవి. టీచరుగారు బస్సెక్కి అందరి దగ్గరికీ వచ్చేవారు. ఒక మూల కూర్చుని, పిల్లల్ని కాకుండా మా చేతుల్నే చూసేవారు. చివరి పిల్ల వెళ్ళేదాకా టీ ముట్టేవారు కాదు. రమ్య నడిచింది గాని దూరం నడవలేదు. మాటలు కొన్నే వచ్చాయి. అన్నం మాత్రం తనే తింటుంది. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఎవరూ ముట్టుకోకుండా. ఇప్పుడు ఓణీ వేసుకునే వయసు.

టీచరుగారికి షుగరు ముదిరి మూత్రపిండాలు పాడయ్యాయి. కాకినాడ ఆసుపత్రిలోనే పోయారు. అక్కణ్ణుంచి తీసుకొచ్చి ఇంటి అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టారు. పిల్లల్ని అలాంటిచోటికి తేకూడదంటారు. మా ఆవిడే రమ్యని తీసుకొచ్చింది. వెల్లకిలా పడుకున్న టీచరుగారిని చూసి రమ్య పక్కన కూర్చుంది. ఎడంచెయ్యి ఆవిడ పొట్ట మీద పెట్టింది. పడవ లేస్తుందని చూస్తోంది. చుట్టూ బంధువులు కదిలారు, ఎవరో పిల్లని లేపమన్నారు. మేమెవరమూ ఆ చెయ్యి తియ్యలేదు. చాలాసేపు చూసి, తనే తీసుకుంది. తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది.

పెద్దదినం భోజనాలు ఆవిడ అన్నగారి అబ్బాయి ఆ కొబ్బరి కొట్టులోనే పెట్టించాడు. అవే చాపలు, ముందు అరిటాకులు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళం, పిల్లలు, బంధువులు అందరం ఒకే పంక్తిలో కూర్చున్నాం. పంక్తిలో అందరూ తినేదాకా ఎవరూ లేవకూడదని మీకు తెలుసు. మజ్జిగన్నాలు అయిపోయాయి. రమ్య ఆకులో ఇంకా కొంచెం ఉంది. ఎంగిలి చేతులు ఎండిపోతున్నాయి, అదీ మంచిది కాదంటారు. ఎక్కడినుంచో వచ్చిన ఒక పెద్దాయన కాసేపు చూసి, "పాపకి ఎవరన్నా పెట్టెయ్యరాదటండీ, పంక్తంతా ఆగిపోయింది" అన్నాడు. మంచితనంతోనే అన్నాడు, ఆయనా మా గోదావరి మనిషే.

"ఆగనివ్వండి బాబూ" అంది మా ఆవిడ. శుభ్రంగా ఉన్న ఎడంచెయ్యి వీపు వెనక్కి పెట్టుకుంది. అవతల మంగాదేవి పెట్టుకుంది. పార్వతి పెట్టుకుంది. పంక్తి చివరిదాకా ఒక్కొక్క చెయ్యే వెనక్కి వెళ్ళింది. ఆ పెద్దాయనకి ఏం చెప్పాలో నా నోటినిండా ఉంది. చెప్పలేదు.

వడ్డన కుర్రాళ్ళు బకెట్లు కింద పెట్టి నిలబడ్డారు. రమ్య ఆకు మీద మిగిలిన మెతుకుల్ని వేళ్ళతో ఒకచోటికి చేర్చింది. ముద్ద అయింది, విడిపోయింది, మళ్ళీ చేర్చింది. చెయ్యి పైకి లేచింది. సగం దారిలో ఆగింది. మజ్జిగ మణికట్టు మీంచి మోచేతి దాకా సన్నగా కారుతోంది. ఎవరూ కదల్లేదు.